అమ్మను అడిగిన ప్రశ్న

లీసెస్టర్, మంగళవారం రాత్రి

ఆస్పత్రుల్లో మతానికేం పని అని ఇన్నాళ్లూ వాదించినదాన్ని, ఈరోజు అమ్మ ఉన్న ఆస్పత్రిలో రోగులకు మతపరంగా ధైర్యం చెప్పే హిందూ చాప్లెయిన్ మీనాబెన్ పక్షాన అన్నయ్యతో పోట్లాడాను. జబ్బు ముదిరితే ఎలాంటి వైద్యం కావాలని ఆవిడ ఇంగ్లీషులో అమ్మను అడిగింది. అన్నయ్యేమో, "గుడికి వెళ్తుంటావా అంటోందమ్మా" అని తెలుగులో చెప్పాడు!

అసలు ప్రశ్న నేను చెప్పాను.

"అమ్మ ముందు చావు మాటలా? బుద్ధుందా నీకు?" అన్నాడు.

"దాని మీద అరుస్తావేంట్రా? పోయేది నేను. గొట్టాలూ మెషిన్లూ వద్దు, ఇంట్లోనే ఉంచండి," అంది అమ్మ.

నేను ఇంగ్లీషులో చెబితే మీనాబెన్ ఆ మాటలే రాసుకుంది. ప్రేమ పేరు చెప్పి తల్లి నోరు నొక్కే హక్కు కొడుక్కెవరిచ్చారు? రేపు డాక్టర్ దగ్గర మళ్లీ అడ్డుపడతాడు. పడనీ, నేనూ ఉంటాను.

కానీ ఆ రోజొచ్చి, అమ్మ ఆయాసపడుతూ నా చెయ్యి పట్టుకుంటే, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యకుండా ఉండగలనా?

ఉండాలి.