ఎనిమిది నల్ల డబ్బాలు

జూన్ 9, సోమవారం

కాలేజీ తెరిచారు. ల్యాబ్ తాళం తీయగానే ఎలుకల కంపు. ఏప్రిల్‌లో మూసేటప్పుడు కిటికీ రెక్కలు వెయ్యమని చెప్పాను... ఎవరు విన్నారు. రికార్డులో ముప్పై కంప్యూటర్లు, నడిచేవి పదకొండు. ఒకదాని డబ్బా విప్పితే ఫ్యాను రెక్కల మధ్య చచ్చిన బల్లి, ఎండి అప్పడం అయింది. చీపురు పుల్లతో తీశాను. ఈ పాలిటెక్నిక్‌లో తొమ్మిదేళ్లుగా ల్యాబ్ ఇంచార్జిని. ఇదీ నా పనే.

మధ్యాహ్నం భీంబాయి వచ్చింది. ఉట్నూర్ అవతల గూడెం పిల్ల, సివిల్ డిప్లొమా. మార్చి డ్రాయింగ్ ప్రాక్టికల్‌లో ఆమె కంప్యూటర్ రెండుసార్లు ఆగిపోయింది. గీసిన ఇంటి ప్లాను మొత్తం పోయింది. ఆ ఒక్క పేపరే ఫెయిల్. జూలై సప్లిమెంటరీలో పాసైతే శ్రీరాంపూర్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర డ్రాయింగులు గీసే పని ఉందట. జూలై దాకా ఆగుతానన్నాడట.

"ఈసారన్న ఆగిపోని మిషన్ ఇస్తరా మేడం?"

ఇస్తానన్నాను.

జూన్ 11

కాలేజీ వ్యవహారాలన్నీ చూసే కరస్పాండెంట్ సార్ పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమన్నారంటేనే భయం. కానీ మంచి వార్తే. ల్యాబ్‌కు కొత్త కంప్యూటర్లు. "ఏం గావాల్నో మీరే రాయుండ్రి మేడం. అండ్ల నాకేం తెల్వది."

సంతోషం. ఈ బిల్డింగులో ఈ మాట రాసి ఎన్నేళ్లయిందో.

జూన్ 12

రాసిచ్చాను. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్. ముప్పై. ఇంట్లో, షాపుల్లో, జిరాక్సు సెంటర్లో వాడేదే, కొత్త తరానిది. పిల్లలు గీసేది ఇళ్ల ప్లాన్లు, కల్వర్టులు. ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగాలు, అవే కోర్లు, ఎన్ని ఉన్నా గీత గీస్తున్నప్పుడు పని చేసేది ఒక్క కోరే. అది చురుగ్గా ఉంటే చాలు. చెడిపోతే టవర్ సర్కిల్ వెనకాల రిపేరు షాపులో సాయంత్రానికి బాగుచేసి ఇస్తారు. మనిషికి ఒకటి. అంతకంటే ఆలోచించాల్సింది ఏముంది.

జూన్ 16

ఉందట.

నేనిచ్చిన కాగితం మీద సార్ ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత. "గీ మామూలు ప్రాసెసర్లు ఎవలకు గావాలె మేడం. అవి మా ఇంట్ల గూడ ఉన్నయి. వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ పెడదాం. వచ్చినోళ్లు నోరెళ్లబెట్టాలె." అదే డబ్బుకు ఎన్ని వస్తాయని అడిగాను. ఎనిమిది. ముప్పైకి బదులు ఎనిమిది. "ఎనిమిదైతే ఏంది? ఒక్కోదాంట్ల ముప్పై రెండు కోర్లట గద. ముప్పై రెండు ఎన్మిదులు ఎంత? మన పిల్లలు ఎంతమంది?"

కోర్లను తలలుగా లెక్కపెడుతున్నాడు. ఒక మిషన్ దగ్గర ముప్పై రెండు మంది కూర్చుంటారనుకున్నాడో ఏమో. నవ్వు రావాలి, రాలేదు.

ఆ తర్వాత మాట ఇంకా ఘోరం. "మీరే చెప్పిన్రు గద మేడం, పోయిన డిసెంబర్ల."

చెప్పాను. స్టాఫ్ రూములో టీ తాగుతూ, అందరూ వింటుంటే, ఫోన్లో చదివింది నాలుగు ముక్కలు వదిలాను. వర్క్‌స్టేషన్ ప్రాసెసర్, ముప్పై రెండు కోర్లు, మెమరీలో తప్పు దొర్లితే తనే దిద్దుకుంటుంది, సినిమాల గ్రాఫిక్సు దాని మీదే చేస్తారు. కామర్సు లెక్చరర్ ముందు గొప్ప కోసం. సార్ మూల కుర్చీలో పేపరు చదువుతున్నాడనుకున్నాను. వింటున్నాడన్న మాట.

నా నోటి మీద నాకే అసహ్యం.

జూన్ 17

తలనొప్పి. ల్యాబ్‌లోకి వెళ్లలేదు.

జూన్ 18

కాలేజీ అయ్యాక జహీర్ భాయ్ షాపుకి. మా పాత కంప్యూటర్లను ఇన్నాళ్లు బతికించింది ఆయనే. కోర్ల లెక్క చెబితే స్క్రూడ్రైవర్ కింద పెట్టి నవ్వాడు. "మాటలెందుకు మేడం. జర ఆగుండ్రి, రెండు పక్కపక్కన పెడ్త."

ఆయన దగ్గర రిపేరుకొచ్చిన వర్క్‌స్టేషన్ ఒకటి ఉంది. పక్కన మామూలుది. పెన్ డ్రైవ్‌లో భీంబాయి ప్రాక్టీసు ఫైలు తీసుకుపోయాను. రెండంతస్తుల ఇల్లు, మెట్లు, తలుపులు, కొలతలు అన్నీ. మామూలుది ఆరు అంకెలు లెక్కపెట్టేలోపు తెరిచింది. పెద్దది పదకొండు. మళ్లీ చేశాం. మళ్లీ అంతే. ఒక కోరు ఆయాసపడుతుంటే ముప్పై ఒకటి కూర్చుని చూస్తున్నాయి.

"మీ సారు పెట్టేది గూడ గీ తరందే అయ్యుంటది. పెద్ద ఆఫీసులళ్ల తీసేసినయి. తుడిచి కొత్త డబ్బల పెడ్తరు. బోర్డు పోతె నా తాన గాదు, హైదరాబాద్ పోవాలె. నెల మర్చిపోవుండ్రి."

అయినా నిజం రాయాలి. ఊరికే చూద్దామని అదే ఇంటికి రంగులు, ఎండ, నీడలు వేసి బొమ్మ తీయమన్నాం. మామూలుది గుంజుకుంటూ ఉంది. పెద్దదాని తెర మీద చిన్న చిన్న గళ్లు, ముప్పై రెండూ ఒక్కసారే లేచి పరిగెత్తాయి. గోడ మీద సాయంత్రపు ఎండ పడింది. ఎంత బాగుందో. పక్కదానిలో ఇంకా పునాది కూడా తేలలేదు. జహీర్ భాయ్ పిలిచేదాకా చూస్తూ నిలబడ్డాను. అలాంటి పని చేసేవాళ్లకు అదే కావాలి. మైనింగ్ సెక్షన్‌లో గనుల నమూనాలు చేస్తారు, వాళ్లకు ఒకటి ఇవ్వొచ్చు. మా పిల్లలకు గీత కదిలితే చాలు.

నాకు కావాలనిపించింది. అదీ రాసి పెడుతున్నా.

జూన్ 20

మూడు కొటేషన్లు వచ్చాయి. రూలు ప్రకారం మూడు షాపుల నుంచి రావాలి. వచ్చాయి, ఒకే కవర్లో. తెచ్చింది సార్ బామ్మర్ది మహేందర్. మూడు లెటర్‌హెడ్లు, మూడు ముద్రలు, ఒకే పర్ఫ్యూమ్ వాసన. రెండింటిలో ధర ఎక్కువ, తన షాపుదానిలో తక్కువ. గిఫ్టు ఇచ్చినట్టు చేతిలో పెట్టి, "చూస్కోండి మేడం, కాంపిటీషన్ బాగుంది" అన్నాడు. మొహంలో సిగ్గు కోసం వెతికాను. లేదు.

తొమ్మిదేళ్లుగా ఇలాంటి మూడేసి కాగితాలు నేనే దారం వేసి ఫైల్లో కుడుతున్నాను. కుర్చీలకు, పంకాలకు, సుద్దముక్కలకు కూడా. ఇవాళ కొత్తగా వాంతి వచ్చినట్టు నటించడం దేనికి?

కానీ ఈసారి ఒకటి అదనం. సాంకేతిక సర్టిఫికెట్. "ల్యాబ్ అవసరానికి ఈ ప్రాసెసరే తగినది" అని కింద ల్యాబ్ ఇంచార్జి సంతకం. అది లేకుండా బిల్లు కదలదు.

జూన్ 21

సార్ చాలా మెత్తగా మాట్లాడారు. ఎనిమిదిలో ఒకటి నా క్యాబిన్‌లో పెట్టిస్తారట. "మీరు సబ్జెక్టున్న మనిషి. మీ దగ్గర ఒకటుండాలె."

కిటికీ పక్కన టేబుల్ జరిపితే పడుతుందా అని ఒక్క క్షణం... ఒక్క క్షణమే. ఛీ.

జూన్ 22, ఆదివారం

చర్చి. తల వంచి కళ్లు మూసుకుంటే లోపల టేబుల్ కొలతలు. పాస్టర్ గారు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు.

ఇంటికొచ్చాక మా ఆయనతో అన్నాను. ఆయనకు మా కాలేజీ అంటే జీతం వచ్చే మొదటి తారీఖు మాత్రమే. "సంతకమే గద. నీదేం వోయింది. గా పిల్లలు నీకేమన్న సుట్టాలా?" చేపల పులుసు బాగుందని కూడా అదే గొంతుతో అన్నాడు. కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

జూన్ 24

సంతకం చేయలేదు. బదులుగా నోట్ రాసిచ్చాను: సివిల్ ల్యాబ్‌కు మామూలువి, మైనింగ్‌కు ఒక్క వర్క్‌స్టేషన్. జహీర్ భాయ్ షాపులో చూసింది, లెక్కతో సహా. రెండు పేజీలు.

సార్ చదవలేదు. పేపర్ వెయిట్ కింద పెట్టి, "మస్తు అలసిపోయినట్టున్నరు మేడం. రెండు రోజులు లీవు వెట్టుండ్రి" అన్నారు.

లీవు పెట్టను.

జూన్ 27

ఇక రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా.

ఆఫీసు క్లర్కు రాజేశం ఫైలు చూపించాడు. సర్టిఫికెట్ ఉంది. టైపు కొత్తది, సంతకం నాది. ఫోర్జరీ అనుకుని గొంతు పెంచాను. రాజేశం తలెత్తలేదు. "మీ సంతకమే మేడం. ఫిబ్రవరిల మీరే ఇచ్చిపోయిన్రు గద."

ఇచ్చిపోయాను. అవ్వ కంటి ఆపరేషన్‌కు ఆదిలాబాద్ వెళ్తూ, పరీక్షల బిల్లులు ఆగిపోతాయని, నాలుగు ఖాళీ లెటర్‌హెడ్ల మీద అడుగున సంతకం పెట్టి రాజేశం చేతికిచ్చాను. మా దగ్గర లీవు పెట్టే ప్రతివాళ్లూ చేసే పనే. ప్రిన్సిపాల్ గారివైతే సొరుగు నిండా ఉంటాయి. ఇవ్వకపోతే "మేడంకు మన మీద నమ్మకం లేదు" అంటారు. మూడు బిల్లులకు వాడారు. నాలుగోది దాచారు.

"నేనేం జేత్త మేడం. సారు తియ్యమన్నడు, తీసిన." పదహారేళ్లుగా తలుపు పక్కన అదే స్టూలు మీద కూర్చునే మనిషి. అతన్ని తిట్టి ఏం లాభం?

ఇప్పుడు అది అబద్ధమని చెప్పాలంటే ముందు ఖాళీ కాగితాల మీద సంతకాలు చేశానని నేనే ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్నవాళ్లను ఎవరూ ఉద్యోగంలో ఉంచరు.

జూన్ 28

అన్నం సయించడం లేదు.

జూలై 4

వచ్చాయి. ఎనిమిది నల్ల డబ్బాలు, అద్దం తలుపులు, లోపల నీలం లైట్లు. మహేందర్ పాత పదకొండూ ఎక్స్ఛేంజ్ కింద వ్యాన్లో వేసుకుపోయాడు. నడిచేవి అని చెప్పాను. "గవెందుకు మేడం, అసయ్యంగ." బల్లి ఉన్నది కూడా తీసుకుపోయాడు.

సప్లిమెంటరీ రాసేవాళ్లు ఇరవై ఆరు మంది. మిషన్లు ఎనిమిది. ప్రాక్టీసుకు వంతులు వేశాను. క్లాసులు పోను ల్యాబ్ ఖాళీ రోజుకు ఒక్క గంటే, ఒక్కొక్కరికి నాలుగు రోజులకోసారి ఆ గంట.

భీంబాయి గోడ మీద కాగితంలో తన పేరు వెతుక్కుంది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

జూలై 10

మేనేజ్‌మెంట్ పెద్దలు చూడటానికి వచ్చారు. రిబ్బను, కొబ్బరికాయ, సమోసాలు. ల్యాబ్ బయట ఫ్లెక్సీ. పిల్లల్ని గోడ వెంట నిలబెట్టారు, మిషన్ల ముందు కూర్చోనివ్వలేదు. ఫొటోలో డబ్బాలు కనబడవట.

ఒక పెద్దాయన అద్దం మీద వేలితో తట్టి, "మంచి సెలక్షన్. ఎవరు చేసిండ్రు?" అన్నాడు. సార్ నా వైపు చెయ్యి చూపారు. "మా మేడమే. సర్టిఫికెట్ గూడ ఆమెదే." అందరూ నా వైపు తిరిగారు.

"అవును సార్" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. గోడ దగ్గర రెండో వరసలో భీంబాయి. ఆమె చూస్తుందని తెలిసీ అటు చూశాను. వీళ్లందరి మీద నెల రోజులుగా ఉమ్ముతున్నాను కదా ఈ పేజీల్లో. ఇవాళ్టి సమోసా నేనూ తిన్నాను.

జూలై 14

ఎనిమిదీ కలిపి వేశాం. నాలుగున్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్క అరుపు అరిచి పడిపోయింది. పాత పదకొండింటినీ ఇరవై నిమిషాలు మోసేది. వీటి ఆకలికి అది చాలదని జూన్ ఇరవై నాలుగున రాసిచ్చిన నోట్‌లో ఉంది, రెండో పేజీలో.

భీంబాయి వంతు మొదలై యాభై నిమిషాలు. ఇల్లు గీస్తూ మెట్ల దగ్గరికొచ్చింది. సేవ్ చేస్తూనే ఉంది, పిల్ల జాగ్రత్తపరురాలు. కరెంటు వచ్చాక మళ్లీ తెరిస్తే ఫైలే తెరుచుకోలేదు. ఖాళీ తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పరీక్ష పద్దెనిమిదిన.

జూలై 15

సాయంత్రం ల్యాబ్ మూస్తుంటే వచ్చింది. భుజాన సంచి.

"రేపు పొద్దుగాల బస్సుకు ఊరికి వోతున్న మేడం. ఈసారి రాయ."

శ్రీరాంపూర్ పని? అని అడిగాను. "ఆయన ఆగడు. ఎవలన్నొకలను పెట్టుకుంటడు." ఏడుపు లేదు గొంతులో. మళ్లీ ఫెయిలైతే బాపు చదువు మాన్పిస్తాడట, రాయకపోతే ఆరునెలలు ఆగుతాడట. లెక్క వేసుకునే వచ్చింది.

"వచ్చేసారి రాస్త. అప్పటికి మిగిలిన మిషన్లు వస్తయి గద మేడం?"

ఎనిమిదే మొదటివి అనుకుంటోంది. మిగతా ఇరవై రెండు దారిలో ఉన్నాయనుకుంటోంది. ఈ కాలేజీలో మళ్లీ పదేళ్లకు గాని కంప్యూటర్ కొనరు. రావని చెప్పలేదు. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

ఇంటికొచ్చి ఉత్తరం రాశాను, మేనేజ్‌మెంట్‌కు. ఆ సర్టిఫికెట్ నేను రాసింది కాదు, ఖాళీ కాగితం మీద సంతకం చేసింది మాత్రం నేనే. కరెంటు తట్టుకునే యూపీఎస్ వచ్చేదాకా పరీక్ష వాయిదా వేయాలి. లేదా పిల్లల్ని వేరే కాలేజీ ల్యాబ్‌లో రాయించాలి. మూడోసారికి అక్షరం కుదిరింది. మా ఆయన గుమ్మంలోంచి, "ఎవలకు?" అన్నాడు. ఆఫీసుకు అన్నాను. ఇంకేం అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉద్యోగం పోతే ముందు తెలిసేది ఆయనకే.

కవర్లో పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను.

భీంబాయి ఎక్కే ఉట్నూర్ బస్సు పొద్దున ఏడింటికి. ఈ కవరు ఇవ్వాల్సిన ఆఫీసు తెరిచేది పదింటికి.