అద్దం మీది బల్బు

తల్లీ, ఏదైనా తిన్నాకే మాత్ర వేసుకో. ముఖం గట్టిగా రుద్దకు. ఆ మొటిమలు మురికి వల్ల కాదని, పీసీఓఎస్‌తో హార్మోన్లు అదుపు తప్పి వస్తున్నాయని, తగ్గడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ‘సరిగ్గా కడుక్కోవే’ అని నిన్ను రోజూ సాధించాను. తప్పు నాదే.

అద్దం మీది బల్బు ఈ నెలలో మూడుసార్లు మార్చాను. నాసిరకం అంటగట్టావని షాపువాడితో గొడవపడ్డాను. ఇవాళ తీసేసినవి పెట్టి చూస్తే మూడూ వెలిగాయి. బల్బు పోవడం లేదు, నువ్వే వదులు చేస్తున్నావు. ఇన్నేళ్ల ఎలక్ట్రీషియన్‌కి అది తట్టలేదు. ఎందుకని అడగను. వదులుగానే ఉంచాను. అద్దం చూసుకోవాలనిపించిన రోజు స్విచ్ ఆపి బిగించుకో.

నాన్న

ఇంకో మాట: అప్పటిదాకా నేను గడ్డం హాల్లో గీసుకుంటాను. నిన్న చీకట్లో చెంప కోసుకున్నది చాలు.