అల్లుడి మర్యాదలు

అక్కకు,

నువ్వు చెప్పిన పని నిన్న పూర్తిచేశాను. మోకాలి ఆపరేషన్ కోతలో చేరి బావను పొట్టనబెట్టుకున్న ఆ ఆసుపత్రి క్రిమిని నా చేత్తోనే ఆటోక్లేవ్‌లో, అదే క్రిముల్ని ఆవిరితో చంపే మిషన్‌లో, పెట్టి ఉడికించేశాను. "మీ పరిశోధన అయ్యాక దాన్ని బతకనివ్వకురా, నాకు మాటివ్వు" అన్నావు కదా. మాట నిలబెట్టుకున్నానని రాసి ఊరుకుందామనుకున్నాను. నీ దగ్గర దాచలేకపోతున్నాను.

బావ గాయంలోంచి తీసి పంపిన దాన్ని ఏడాదిగా మా ల్యాబ్‌లో వారం వారం కొత్త ప్లేట్లోకి మార్చి పెంచాం. వేళకు తిండి, ఒంటికి వెచ్చదనం, మందుల బెడద లేదు. మావాళ్లు దానికి అల్లుడుగారని పేరు పెట్టారు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి గానీ, మనింటి అల్లుడు గుర్తొచ్చి ప్లేటుకు మూత పెట్టేసేవాణ్ణి.

పోయిన వారం పరీక్షిస్తే, మనిషి ఒంట్లో దాడి చేయడానికి దానికున్న జన్యువులు కనిపించలేదు. వచ్చిన కొత్తలో ఉన్నాయి, ఇప్పుడు లేవు. మా మేడమ్ తేలిగ్గా అన్నారు: "ఇక్కడ దానికి పోట్లాడే పనేముందయ్యా? అక్కర్లేని బరువని తరాలు మారేకొద్దీ వదిలించుకుంది. ఇక చీమకైనా హాని చెయ్యదు. పారెయ్."

కాబట్టి అక్కా, నేను చంపింది బావను చంపినదాన్ని కాదు. ఏ పాపమూ తెలియని దాని మునిమనవణ్ణి. అసలుది ఎప్పుడు పోయిందో మాకెవరికీ తెలియదు. మా చేతి తిండి తింటూ సుఖంగానే పోయింది.

ఇన్నాళ్లూ దాన్ని తిట్టుకుంటూనైనా రెండు ముద్దలు తిన్నావు. ఇక తిట్టుకోవడానికి కూడా నీకు ఏమీ మిగల్చలేకపోయాను.

నీ తమ్ముడు