మాబున్ని ఎక్కం చెప్పింది

ఆదోని, 1984. శనివారం రాత్రి.

ఇవాళ బడికి పోయింది కొట్లాటకే. అమ్మ పోయినప్పటి నుంచి బయట నోరు విప్పని మా చెల్లెలు మాబున్నిని బడి మాన్పించమని పెద్దసారు కబురు పంపాడు. మూగపిల్లకు చదువెందుకట! జిన్నింగు మిల్లులో పని వదిలేసి, తలలో దూది కూడా దులుపుకోకుండా వెళ్లాను.

వరండాలో సుశీలమ్మ టీచర్ అడ్డం నిలబడింది.

"అరిసేది తర్వాత అరుద్దువులేప్పా. ముందు ఆ కిటికీ కాడ నిలబడి ఇను."

లోపల ఏడో ఎక్కం నడుస్తోంది. టీచర్ బళ్లారి నుంచి రప్పించిన మనసు డాక్టరు వెనక కూర్చుని వింటున్నాడు. మాబున్నిని ఒంటరిగా లేపి అడగొద్దనీ, అందరి గొంతులో కలిపి చెప్పించి రోజుకు కొందరి గొంతు ఆపిస్తూ రమ్మనీ ఆయన పోయిన నెలలోనే చెప్పాడట. ఇవాళ చెబుతున్నది మాబున్ని, పక్కనున్న లక్ష్మి మాత్రమే.

"ఏడు తొమ్మిదులు అరవై మూడు." లక్ష్మి కూడా ఆగిపోయింది.

"ఏడు పదులు డెబ్బై."

సన్నగా, ఒక్కతే. మా చెల్లెలే!

"కొట్లాడేకొచ్చి ఏడుస్తాండావేమప్పా?" అని టీచర్ నవ్వింది.

పెద్దసారు తలవంచుకుని, పేరు తీసేయనులే అన్నాడు. ఇట్లాంటి పిల్లలు ఇంకా ఉన్నారని, నెలనెలా వస్తానని డాక్టరు మాటిచ్చాడు. టీచరమ్మకూ ఆయనకూ ఎంత దండం పెట్టినా చాలదు. కానీ ఆయనకు బదిలీ అయితే? టీచరమ్మకు అయితే? మిగతా బళ్లలో నోరు మూసుకుని కూర్చున్న పిల్లల కోసం ఎవరొస్తారు...

ఏమైనా, సోమవారం మాబున్ని బడికి పోతుంది.