ఘాట్ ఎక్కిన తెల్ల కారు

తాండూరు,
మార్చి 16

ప్రియమైన అమ్మకు,

నమస్కారాలు. నాన్న పొడి దగ్గు తప్పిస్తే ఇంట్లో అందరం బాగున్నాం. ఆసిఫాబాద్‌కు బదిలీ అయ్యావు కదా, కొత్త బడి అలవాటైందా? ఫోన్‌లో నేను సగం మాటలు మింగేస్తాను కాబట్టి రాస్తున్నాను.

కారు అమ్మేశారా అని అడిగావు. అమ్మలేదు. బంట్వారం బడికి నువ్వు ఏళ్ల తరబడి నడిపిన తెల్ల కారు కదా, జరిగినదంతా చెప్పాలి.

ఎండలు ముదరగానే అది అనంతగిరి ఘాట్‌లో ఆగిపోవడం మొదలుపెట్టింది. జనార్దన్ మామ డిక్కీలో నీళ్ల బకెట్, పాత తువాలు పెట్టుకున్నాడు. ఆగినప్పుడల్లా బానెట్ ఎత్తి, తువాలు తడిపి ఇంజిన్ పక్కనుండే పెట్రోల్ పంపు మీద కప్పడం, చల్లబడేదాకా అందరం చాయ్ తాగడం. చివరికి విసిగి, వికారాబాద్‌లో తుక్కు కొనే ఆయనతో మాట్లాడి వచ్చాడు. మనవడు సాత్విక్ పుట్టువెంట్రుకలు తీయించడానికి పద్మనాభస్వామి గుడికి పోయేటప్పుడు కూడా ఆగితే, అటునుంచి అటే ఇచ్చేస్తానన్నాడు.

నేను పాత కార్ల పుస్తకం ఒకటి తెప్పించుకుని చదివాను. వేడికి పెట్రోల్ గొట్టంలోనే ఆవిరైపోతుందట. ఆవిరిని పంపు లాగలేదు. ఇంజిన్ వేడి పైకెక్కకుండా కార్బ్యురేటర్ కింద మందపాటి నల్ల పలక ఒకటి ఉండాలి. బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. ఆ చిల్లుల పలక మన ఫ్రిజ్ కాలి కింద ఉంది.

మెకానిక్ పరమేశ్ అన్న దగ్గరికి పట్టుకెళ్లాను.

"అగో, గిదింకా ఉన్నదా! లీకైతున్నదని నేనే తీసిన. ఫ్రిజ్ ఊగుతున్నదని మీ మామ పట్కపోయిండు" అని నవ్వాడు.

పలక వంకరపోలేదని చూసి, లీకు రాకుండా రెండు వైపులా కొత్త గాస్కెట్లు వేసి బిగించాడు. పెట్రోల్ గొట్టం పొగగొట్టానికి ఆనుకుని ఉండడం నేను చూపించాను. దాన్ని దూరం జరిపి, వేడి తగలకుండా తొడుగు వేశాడు. ఫ్రిజ్ కింద ఇప్పుడు నాపరాయి ముక్క ఉంది.

మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం, కారు నిండా చుట్టాలు. ధారూర్ దాటి ఘాట్ మొదట్లోకి రాగానే మామ అలవాటు కొద్దీ కారు పక్కకు ఆపాడు.

"తువాలు తే బిడ్డా."

"వద్దు మామా. ఇక ఆగకుండా పోదాం."

"నడిమిట్ల ఆగితే?"

"ఆగితే చాయ్ తాగుతం. మనకేమన్న కొత్తనా?" అంది అత్త.

తాళం ఒక్క తిప్పుకే కారు అందుకుంది. ఒక్కో మలుపూ దాటుకుంటూ పైకెక్కింది. గుడి ముందు ఆగేసరికి అత్త సాత్విక్‌ను ఎత్తుకుని, "మీ తాత మొఖం సూడురా, చాయ్ పాయె అని పరేషానయితుండు" అంది. అందరూ నవ్వారు. మామ కూడా.

లైసెన్స్ వచ్చిందా అన్న నీ ఇంకో ప్రశ్నకు జవాబు రాయలేదు. జనవరిలోనే వచ్చింది. తెలిస్తే నడపమంటావని భయపడి చెప్పలేదు. ఘాట్ మొదట్లో మామ తాళాలు నా చేతిలో పెట్టి, "గంత నమ్మకముంటే నువ్వే తోలు" అన్నాడు. పైదాకా నేనే నడిపానమ్మా. మొదటి మలుపులో నత్తనడకన తిప్పాను. తర్వాత గుర్తులేదు, లారీని కూడా దాటానట.

తుక్కు ఆయన ఫోన్ చేస్తే మామ గట్టిగా చెప్పాడు: "అమ్మేది లేదు. మా బిడ్డ తోల్తది."

ఎండాకాలం సెలవులకు బస్సు టికెట్ కొనకు. నేనే వచ్చి తీసుకొస్తాను.

ఇట్లు,
నీ బిడ్డ
రచన