పీకితే గానీ తెలియని వేర్లు

జనవరి 11, 2004
నారు నాటేశాం. మూడో ఏడు. అదే చేను, అదే టమాట. విత్తనం మాత్రం కొత్తది, సిటీ నుంచి వచ్చే మొక్కల మేడమ్ ఇచ్చింది. రెండేళ్లూ వేరుకి నులిపురుగు... పీకితే వేరంతా అల్లం కొమ్ములా బుడిపెలు. ఈ రకానికి పట్టదట. చూడాలి.

జనవరి 13
అప్పారావు బావ, అక్క మొగుడు, పక్కింటికి ఫోన్ చేశాడు. హార్బరులో ఓడలకి తుప్పు గీకి రంగేసే గ్యాంగులో ఖాళీ ఉందట. "ఏప్రిల్ ఒకటికి వచ్చీ బావా. ఆ తరవాత నాను ఆపనేను."
అయ్యకి చెప్పాను. నడుం పట్టుకుని మంచం మీంచే — "సేను మీ సన్యాసి మామకి పంటలో పాలికిచ్చీసి ఎల్లిపో. పంట నిలబడితే తీసుకుంటానన్నాడు. సచ్చిన నేల ఎవుడిక్కావాల్రా?"
అంటే ఈ మొక్కలు బతికితే నేను బయటికి. లేకపోతే ఇక్కడే.

జనవరి 30
మేడమ్ వచ్చింది. ఎలా పట్టదని అడిగాను. పురుగు వేరులోకి దూరి ఉమ్మిలాంటిది వదులుతుందట. ఆ కణం ఉబ్బి దానికి తిండి పెడుతుందట. ఈ రకంలో రిసెప్టర్ అని ఒకటుంది — వచ్చింది పురుగేనని పసిగడుతుంది. వెంటనే పురుగు మూతి పెట్టిన చోట కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. పురుగుకి తిండి ఉండదు.
"అంటే తనని తనే సంపుకుంటాదా మేడమ్?"
"కొంచెమే. మిగతాది బతకడానికి. మొక్క పారిపోలేదు కదా."
ఎనిమిదితో బడి మానేసిన నాకు ఇది మాత్రం బాగా ఎక్కింది. నాకు కాళ్లున్నాయి. ఎక్కడికి పోయాను?
వెళ్తూ చెప్పింది — నేల బాగా వేడెక్కితే ఆ రిసెప్టర్ పనిచేయదట. మొక్కల మొదళ్లలో గడ్డి కప్పమంది.

ఫిబ్రవరి 2
గడ్డి. నీళ్లు. మళ్లీ గడ్డి.

ఫిబ్రవరి 8
గట్టెక్కితే స్టీల్ ప్లాంటు పొగ. అది కూడా ఎటో వెళ్తోంది.

ఫిబ్రవరి 19
పూత వచ్చింది. పైన పచ్చగానే ఉంది, కింద ఏముందో... వేరు చూడాలంటే పీకాలి. పీకితే మొక్క పోయినట్టే. ఆగలేక మొదటి వరసలో రెండు పీకాను. తెల్లటి వేర్లు, ఒక్క బుడిపె లేదు!
అయ్య చూశాడు. "బతికుందో నేదో సూడ్డానికి సంపుతావేట్రా ఎదవా?"

మార్చి 12
ఎండ మండిపోతోంది. కాలవ పక్క వరసలో మూడు మొక్కలు మధ్యాహ్నానికి వాలిపోయాయి. ఒకటి పీకాను. బుడిపెలు.

మార్చి 13
అయ్య నోరు విప్పాడు. జనవరిలో నేను ఎరువుకని సబ్బవరం వెళ్లిన రోజు, చచ్చిన నారు చోటల్లా పెరటి మడిలోని పాత రకం నారు పెట్టాడట. ఆ నడుంతో, కూర్చుని జరుగుతూ.
"సేనులో కంతలుంటే ఊరు నవ్వదేటి?"
ఎక్కడెక్కడ పెట్టావయ్యా?
"గురుతెట్టుకుంటానేటి? మొక్కంటే మొక్కే కదరా."
వాలినవి పాత నారా? లేక కొత్త రకమే వేడికి లొంగిపోయిందా? అన్నీ ఒకేలా ఉన్నాయి.

మార్చి 20
మేడమ్‌కి ఫోన్ చేశాను. "ఏది ఏ రకమో తెలియకుండా నేనేం చెప్పలేను."
నిద్ర లేదు.

మార్చి 27
సన్యాసి మామ చేను చూడ్డానికి వస్తానన్నాడు. వాలిన మొక్కలు పొద్దున్నే పీకి గట్టవతల పారేశాను.
ఆకు తడిమాడు, కాయ కొరికాడు. "ఓ మొక్క పీకి సూపించల్లుడా."
మొదటి వరసలోకి వెళ్లి పీకాను. తెల్లటి వేరు.
"దివ్యంగా ఉందిరా! ఒకటో తారీకు నుంచి సేను నాను సూసుకుంటాను. నువ్వెల్లి ఓడలెక్కు."
అయ్య నా మొహం చూడలేదు.

మార్చి 29
అన్నం తింటూ అయ్య — "కాలవ వరసలోది సూపించనేదేట్రా?"
పాత నారు పెట్టింది నువ్వే కదా, అన్నాను.
"నానడిగింది అది కాదు."
అంతే. కంచం పక్కకి నెట్టేశాడు. సాయంత్రం బావ ఫోన్ — "బట్టలు సర్దీసావా?" సర్దేశాను.

మార్చి 31
తెల్లారగానే కాలవ వరసలో పచ్చగా నిలబడ్డ మొక్క ఒకటి మట్టితో సహా తవ్వాను. వేరు నేను చూడలేదు, అది మామ చూడాలి. అలాగే గోనెలో కట్టేశాను.
సిటీ బస్సు సన్యాసి మామ ఇంటి ముందే ఆగుతుంది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో గోనె...