పక్కింటావిడ జాగాలో మన పందిరి

మాంట్రియల్

షిఫ్రా వదినకి,

ఈ ఏడు మన యూదుల సుక్కోత్ పండక్కి మామయ్యగారు పందిట్లో భోంచేయగలిగారా అని బెంగపడుతూ రాశారు. నిక్షేపంగా చేశారు. అయితే మన పందిరి ఈసారి పక్కింటి మదాం లాపియెర్ కారు నిలిపే జాగాలో ఉంది.

మోకాళ్ల నొప్పులతో ఆయన, ఏటా పందిరి వేసే బాల్కనీకి మెట్లెక్కలేరు కదా. అందుకని మీ తమ్ముడు కింద పెరట్లోనే చెక్కపలకలు నిలబెట్టి, పైన దేవదారు కొమ్మలు కప్పాడు. నేను ఆపిళ్లు, మొక్కజొన్న కంకులు వేలాడదీశాను. మామయ్యగారు వచ్చి పైకి చూశారు.

"పక్కింటి మేపుల్ చెట్టు కిందట్రా? ఆకాశానికీ మనకీ మధ్య చెట్టుంటే ఆ పందిరి చెల్లదు" అని కూలబడిపోయారు. మన పెరట్లో వేరే చోటెక్కడుంది?

సుత్తి చప్పుడుకి ఏటా మనతో దెబ్బలాడే మదాం లాపియెర్ కంచె అవతల నుంచి అంతా వింటూనే ఉంది.

"నా చెట్టు జోలికి రాకండి. కారు వీధిలో పెట్టుకుంటాలే, మీ పందిరి ఇటు మోసుకురండి" అంది.

పండగ మొదటి సాయంత్రం మామయ్యగారు ఆవిణ్ణి భోజనానికి పిలిచారు. సూప్ వడ్డించగానే చినుకులు మొదలయ్యాయి. వానొస్తే లోపలికి పోవచ్చని శాస్త్రం ఒప్పుకుంటుంది. మామయ్యగారు ఏటా మొదటి చినుక్కే లేచేవారని మీకు తెలుసు. అప్పుడు ఆవిడ చనిపోయిన తన భర్త చేపల వేట ముచ్చట్లు చెబుతోంది.

"లోపలికి పదండి నాన్నా" అన్నాడు మీ తమ్ముడు.

ఆయన కోటు కాలరు పైకి లాక్కుని, "ఉండరా, ఇంకా చేప గాలానికి పడలేదు" అన్నారు.

మీ మరదలు